ఎనిమిదో లెక్క

డాబాగార్డెన్స్ సందులో నా జిరాక్సు కొట్టు.
పేజీ రూపాయిన్నర, రెండువైపులా అయితే రెండు.
గరికిన నూకరత్నం రాసిన ప్రతి సినిమా
తెరకెక్కక ముందు
నా గాజుపలక మీద బోర్లా పడుకుంది.
అక్షరాలు ఎవరైనా చదువుతారు.
నేను చదివేది మార్జిన్లో పెన్సిలు అంకెలు.

అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది.

మాటల పక్కన ఈ లెక్కలేమిటని
హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర అసిస్టెంటు అడిగాడు.
"ఖర్చులేమో" అన్నాను.
ఖర్చులే మరి.

జాలరిపేట నుంచి నడిచొచ్చేది రిహార్సలుకి,
జడలో ఎండుచేప వాసన మీద
ఇంత పౌడరు చల్లుకుని.
కంచరపాలెం గోడౌనులో టేపురికార్డరు ముందు
మాస్టారు కర్ర నేలకేసి కొడితే
పదహారు కాళ్లు లేచేవి.
నాది రెండో వరుస. తను నా ఎడమపక్క.
మొదటి వరుస వాళ్లకి ముఖాలుండేవి,
మాకు కాళ్లు.

చోడవరం, మాడుగుల, కొత్తవలస.
వ్యాను నిండా జరీ, చెమట, డీజిలు కంపు.
తెల్లారగట్ల తిరిగొస్తూ ఒకరి మీద ఒకరం పడి నిద్రపోయేవాళ్లం.
తను మాత్రం కిటికీ దగ్గర
సిగరెట్టు పెట్టె అట్ట మీద గీకుతూ ఉండేది.
"ఏటి రాస్తన్నావే?"
"ఎనకాల కూకున్న ముసిల్ది ఈలెయ్యలేదురా.
సెప్పులు ఒళ్లో ఎట్టుకుని ఏడిసింది.
ఎందుకో తెలీక రాస్తన్నాను."

తర్వాత రుషికొండలో పాటల షూటింగులు.
హీరో వెనక, కాలే ఇసకలో,
అరికాళ్ల సంగతి ముఖానికి తెలియనివ్వకుండా నవ్వడం.
బ్రేకులో మేమంతా గొడుగుల కిందికి పరిగెడితే
తను కెమెరా పట్టాల పక్కన నిలబడేది.
బండి తోసే అప్పన్నని అడిగేది,
ఎన్ని అడుగులకి ఆపుతావు, అక్కడే ఎందుకు?
ఎందుకో అతనికి తెలీదు.
తనకి తెలిసిపోయింది.

పదకొండేళ్లు.
మద్దిలపాలెంలో అద్దె గది, తిరిగొచ్చిన కథలు,
తను రాసిన సీను వేరేవాడి పేరుతో ఆడుతుంటే
ఇంటర్వెల్లుకే లేచి
బీచిరోడ్డంతా నడిచిన రాత్రి,
రత్నశ్రీ అని పేరు మార్చుకోమన్న నిర్మాత,
మార్చుకోనన్నందుకు వెనక్కెళ్లిన అడ్వాన్సు.

మొదటి సినిమాలో పాట లేదు.
"డాన్సరు కదా, ఒక్క స్టెప్పయినా లేదేమండీ" అన్నాడు విలేకరి.
"వాళ్లమ్మ బిందె దించిందిగా, చూళ్లేదా?" అంది.
నేను మళ్లీ టిక్కెట్టు కొని వెళ్లాను.
దించింది.
ఆరుకి నడుము, ఏడుకి ఊపిరి,
ఎనిమిదికి నేల.

ఇక ముప్పై ఒకటో పేజీ సంగతి.
మొన్నటి స్క్రిప్టు, తన నాలుగో సినిమా.
చేపల రేవులో ఐసు దిమ్మలు లాగే మనిషొకడు
బస్సు కోసం నడుస్తాడు.
అంతే సీను. మాటల్లేవు.
మార్జిన్లో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు,
ఎనిమిది ఉండాల్సిన చోట
రబ్బరు పెట్టి చెరిపిన మరక.

మాడుగులలో స్టేజి కూలిన రాత్రి
నా మోకాలు ఏడు దగ్గర ఆగిపోయింది.
ఎనిమిదో అడుగు ఇప్పటికీ
వేసినట్టే ఉంటుంది, పడదు.
ఇది నా భార్యకి కూడా చెప్పలేదు.
చూసేవాళ్లకి వట్టి కుంటి.

పలక కింద ఆకుపచ్చ వెలుగు
ఇటు నుంచి అటు పోయింది.
పన్నెండు కాపీలు. పన్నెండుసార్లు నడిచాను.
కోపం రావాలా? ఇంకా తేల్చుకోలేదు.

సాయంత్రం వచ్చి, స్కూటరు దిగకుండానే
"ఎంతయిందిరా?" అంది.
లెక్కగట్టి చెప్పాను.
ముప్పై ఒకటో పేజీకి మాత్రం
డబులు వేశాను.

ఏ పేజీకని అడగలేదు. ఇచ్చేసింది.
స్కూటరు తిప్పుకుంటూ,
"ఆదివారం రేవుకి రా.
ఆ ఏషగాడికి నడక రాటం లేదు" అంది.

తొమ్మిదింటికి షట్టరు దించాను.
తుప్పు పట్టింది, ఆగి ఆగి దిగుతుంది.
ఏడు లాగుళ్లు.
ఎనిమిదోది కాసేపు
చేత్తో పట్టుకునే ఉన్నాను.